బుడమేరు ఒడ్డున కరెంటు కారు

బెజవాడ స్టేషనులో రైలు దిగి, ఆటోలో పైవంతెన దాటి సింగ్‌నగర్ చేరేసరికి మబ్బు పట్టింది. అక్కయ్య ఇంటి గోడ మీద ఛాతీ ఎత్తున మట్టిచార ఇంకా చెరగలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గీసిపోయిన గీత అది. ఆ గీతకు జానెడు పైన కొత్తగా పదిహేను ఆంపియర్ల ప్లగ్గు. దాని తీగె చివర బావగారి కరెంటు కారు, గుంజకు కట్టిన ఆవులా ఉంది.

నాకూ అలాంటి కారు కొనాలని ఉంది. ఆ లెక్కలు కనుక్కుందామనే వచ్చాను.

"రాత్రి తగిలిస్తే తెల్లారేసరికి నిండుతుందోయ్. ఇరవై అయిదు యూనిట్లు. నెలకు ఆరుసార్లు, వెయ్యి కిలోమీటర్లు తిరుగుతాను" అన్నారు బావగారు.

"చవకేనన్న మాట!"

"అక్కడే ఉంది కిటుకు. ఇంటి వాడకం 250 యూనిట్లు. దాని మీద కారువి 150 వచ్చి చేరితే, అవన్నీ రూ. 8.75 శ్లాబులో పడతాయి. 400 దాటాయా, యూనిట్టు 9.75! కారుకే పదమూడు వందలు. అయినా పెట్రోలుకు ఆరువేలు పోసేవాణ్ణి."

"మరి బీమా?"

బావగారి మొహం చిన్నబోయింది. "2022లో పెట్టిన రేటు ప్రకారం ఎదుటివారి నష్టానికి కట్టే బీమా దీనికి రూ. 2,904. వెయ్యి దాటి పదిహేను వందల సి.సి. లోపు పెట్రోలు కారుకు 3,416. అంతవరకు లాభమే. మన కారుకు కట్టేది మాత్రం కారు ఖరీదును బట్టి. ఆ ఖరీదులో పెద్ద వాటా బ్యాటరీది. బ్యాటరీలో నీళ్లు చేరితే ఇచ్చే రక్షణ విడిగా కొనాలి. మొత్తం 22 వేలయింది!"

"ఆ రక్షణ మానేస్తే?"

వంటింట్లోంచి అక్కయ్య వచ్చింది. "పాత కారుకు అలాగే మానేశారురా. వరద తీయగానే ఆత్రంగా స్టార్టు చేశారు, ఇంజను పోయింది. మామూలు బీమాలో అది రాదన్నారు. నా గాజులు బ్యాంకులో పెట్టి కొన్నాం దీన్ని."

బావగారు మాట్లాడలేదు.

అర్ధరాత్రి వాన చప్పుడుకు మెలకువ వచ్చింది. ప్లగ్గు ఊడదీసి ఉంది, కారు లేదు. కంగారుగా అక్కయ్యను లేపాను.

"పైవంతెన మీద పెట్టడానికి వెళ్లారు, పడుకో" అంది అక్కయ్య. "ఎన్నివేలు బీమా కట్టినా, చినుకు పడితే ఆయనకు నిద్ర పట్టదు."