పొరల మధ్య జిగురు

కార్బన్ ఫైబర్ గురించి మా కాలేజీలో ఎవరిని అడిగినా ఒకటే మాట: "స్టీల్ కంటే గట్టిది, బరువు తక్కువ." నిజమే. కానీ ఆ మాట దారం గురించి. వట్టి దారాలతో నేస్తే వచ్చేది గుడ్డ. మడిచి బ్యాగులో పెట్టుకోవచ్చు. దాన్ని విమానం రెక్కగానో, సైకిల్ ఫ్రేమ్‌గానో, మా డ్రోన్ చేయిగానో నిలబెట్టేది ఎపాక్సీ. ఇంట్లో ఏదైనా విరిగితే రెండు ట్యూబులు కలిపి పూస్తామే ఆరల్డైట్, అది కూడా ఎపాక్సీనే. గుడ్డ పొర మీద పొర పరిచి, ఈ జిగురు బాగా పట్టించి, గట్టిపడనిస్తే వచ్చే నల్లటి పలకనే మనం కార్బన్ ఫైబర్ అంటున్నాం.

తిరకాసు ఇక్కడే ఉంది. మామూలు రకం కార్బన్ దారాన్ని తెంపాలంటే సుమారు 3,500 మెగాపాస్కల్స్ కావాలి. ఎపాక్సీకి సాధారణంగా 100 కూడా అక్కర్లేదు. దారాల వెంబడి లాగితే పలక కదలదు, మెదలదు. అదే పొరలు ఒకదాన్నుంచి ఒకటి ఊడేలా దెబ్బ తగిలితే, ఆపడానికి అక్కడ దారమే లేదు. ఉన్నది జిగురు.

నాది సీఎస్‌ఈ. డ్రోన్ టీమ్‌లో నా పని కోడ్ వరకే, పలకల సంగతి మెకానికల్ వాళ్లు చూసుకుంటారు. అయినా ఈ జిగురు గొడవ నా దాకా వచ్చింది. ఫెస్ట్ ముందు రోజు టెస్ట్ ఫ్లైట్‌లో గాలి కొట్టి డ్రోన్ ఒక చేయి మీద పడింది. ఎత్తు కూడా పెద్దగా లేదు. తుడిచి చూశాం, గీత పడలేదు. మర్నాడు గ్రౌండ్‌లో, జనం తలల మీద ఎగరాలి. మా సీనియర్ అక్క రూపాయి బిళ్ళ తీసుకుని చేయి పొడవునా టక్ టక్‌మని తట్టుకుంటూ పోయింది, సంతలో కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టు. అంతటా ఖంగుమన్నది ఒక్కచోట మాత్రం 'బద్'మంది. "లోపల పొర లేచింది, ఇది ఎగరదు" అంది. స్పేర్ లేదు. "పైకి ఏం కనబడట్లేదు కదక్కా" అని మావాడొకడు చాలాసేపు వాదించాడు. ఆమె వినలేదు. ఫెస్ట్ అంతా డ్రోన్ స్టాల్‌లో బల్ల మీదే కూర్చుంది. తర్వాత ఆ చేతిని అడ్డంగా కోస్తే, తడిసిన ప్లైవుడ్ అంచులా మధ్యలో సన్నటి చీలిక.

పెద్ద విమానాలకీ ఇదే భయం. మెకానిక్ చేతిలోంచి స్పానర్ జారి రెక్క మీద పడితే లోహానికైతే సొట్ట పడుతుంది, కనబడుతుంది. కాంపోజిట్‌కి పైన ఏమీ తెలియకుండానే లోపల పొరలు విడిపోవచ్చు. బోయింగ్ 787 బరువులో దాదాపు సగం కాంపోజిట్లే. మన తేజస్ ఎయిర్‌ఫ్రేమ్ బరువులో అవి 45 శాతం. కాబట్టి ఇది మా స్టాల్‌తో పోయే సమస్య కాదు.

ఇక కార్బన్ నానోట్యూబులు. గ్రాఫైట్‌లోని ఒక్క పొరను చాప చుట్టినట్టు చుడితే వచ్చే గొట్టాలు. 1991లో జపాన్‌లో సుమియో ఇజిమా పేపర్‌తో వీటి పేరు మోగింది. కార్బన్ దారం మన వెంట్రుకలో పదో వంతు మందం ఉంటే, ఈ గొట్టం ఆ దారంలో మళ్లీ ఏ 700వ వంతో ఉంటుంది. 2000లో ఒక్కో గొట్టాన్నీ పట్టి లాగి కొలిస్తే పై పొర బలం 11 నుంచి 63 గిగాపాస్కల్స్ వచ్చింది. ఈ అంకె చూసి చాలామంది ఎగిరి గంతేస్తారు: చిటికెడు కలిపితే పలక పదింతలు గట్టిపడుతుందని. అలా జరగదు. దారాల దిశలో బరువు మోసేది ఎలాగూ దారాలే, అక్కడ పెద్దగా తేడా రాదు. లాభమంతా జిగురు దగ్గరే. పగులు ముందుకు సాగాలంటే దారికి అడ్డంగా ఉన్న ఒక్కో గొట్టాన్నీ జిగురులోంచి పీకాలి. పీకడానికి శక్తి ఖర్చవుతుంది. పగులు అలిసిపోతుంది అనుకోండి.

కలపడమే కష్టం. పుస్తకాలు దీన్ని అగ్లోమరేషన్ అంటాయి, నాకైతే 'ఉండలు కట్టడం' అంటేనే బుర్రకెక్కింది. రాగిజావలో పిండి ఒక్కసారే పోస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. ఆ ఉండ దగ్గర జిగురు సరిగ్గా పట్టదు, పగులు అక్కడే మొదలవుతుంది. అంటే సరిగ్గా కలపకపోతే కలపని దానికంటే అధ్వాన్నం. పైగా ఎక్కువ వేస్తే ఎపాక్సీ చిక్కబడి గుడ్డలోకి ఇంకదు. ఇంకినా, గుడ్డ టీ వడపోసినట్టు గొట్టాల్ని బయటే ఆపేస్తుంది. అందుకే ఎంఐటీలో బ్రయాన్ వార్డిల్ బృందం కలపడమే మానేసింది. నిలువుగా నాటిన వరిమడిలా నానోట్యూబుల్ని పెంచి, ఆ మడిని రెండు పొరల మధ్య పెట్టింది. వేడి చేస్తే జిగురు మెత్తబడి గొట్టాల సందుల్లోకి తనే పాకుతుంది, పొరలకు కుట్టు వేసినట్టవుతుంది. 2016లో వాళ్ల పరీక్షల్లో అలా కుట్టిన పలకలు మామూలువాటికంటే 30 శాతం ఎక్కువ బలం చూపాయి.

మాకు ఆ మడి పెంచే స్తోమత లేదు. మెకానికల్ మిత్రుడు పొడి డబ్బా కొని హాస్టల్ రూమ్‌లో బకెట్లో కలిపేద్దాం అన్నాడు. ఒకసారి అవి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ఏమవుతుందో చదవరా బాబూ అని లింకులు పంపాను. అమెరికాలో నియోష్ సంస్థ 2013లో, పనిచేసే చోట క్యూబిక్ మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము దాటకూడదని సిఫార్సు చేసింది. 2014లో ఐఏఆర్‌సీ ఒక రకం నానోట్యూబుని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో చేర్చింది. మొత్తానికి పొడి వద్దు, ముందే రెజిన్‌లో కలిపి అమ్మే పేస్టు, అదీ ల్యాబ్‌లో ఫ్యూమ్ హుడ్ కింద, అని సార్ తేల్చారు.

నన్ను నిజంగా పట్టేసిన సంగతి వేరే ఉంది. ఎపాక్సీలో కరెంటు పారదు, నానోట్యూబుల్లో పారుతుంది. కొద్దిగా కలిపితే గొట్టాలు ఒకదాన్నొకటి తాకవు. పెంచుకుంటూ పోతే ఒక్కసారిగా ఈ చివర నుంచి ఆ చివరకి దారి తెరుచుకుంటుంది. ఇది చదవగానే, అరే, యూనియన్ ఫైండ్! సెడ్జ్‌విక్, వేన్‌ల ఆల్గరిథమ్స్ కోర్సు చేసినవాళ్లకి మొదటి అసైన్‌మెంట్ పెర్కొలేషన్ గుర్తుండే ఉంటుంది. చదరపు గడుల్లో సుమారు 59.3 శాతం తెరిస్తే గానీ దారి దొరకదు. గొట్టాలు పొడుగ్గా, సన్నగా ఉంటాయి కాబట్టి 1 శాతం లోపే దొరుకుతుంది. గడుల బదులు పుల్లలు చల్లే ప్రోగ్రామ్ రాశాను. పుల్ల పొడవు పెంచేకొద్దీ కావలసిన పుల్లలు ఎలా పడిపోతాయో స్క్రీన్ మీద చూస్తుంటే రాత్రి రెండయింది.

దీనివల్ల ఏం లాభమంటే, లోపల పగులు వస్తే ఆ దారులు తెగుతాయి, రెసిస్టెన్స్ పెరుగుతుంది. పైకి కనబడని దెబ్బని మల్టీమీటర్ చెప్పేస్తుంది. డెలావేర్ యూనివర్సిటీలో థోస్టెన్సన్, చౌ 2006లోనే గ్లాస్ ఫైబర్ మీద దీన్ని చూపించారు. కార్బన్ ఫైబర్‌తో చిక్కేంటంటే దారం తనే కరెంటు మోస్తుంది, పొడవునా కొలిస్తే జిగురు మాట వినబడదు. మందం దిశలో, పై పొర నుంచి కింది పొరకి కొలవాలి.

పేస్టు వచ్చే వారం వస్తుంది. రెండు చేతులు చేస్తాం, ఒకటి పేస్టుతో, ఒకటి లేకుండా. నా లాగింగ్ కోడ్ రెడీ. తీగలు ఎక్కడ అతికించాలన్నది మాత్రం తేలలేదు: మోటార్ దగ్గర వైబ్రేషన్‌కి కాంటాక్ట్ వదులవుతోంది, బాడీ దగ్గరైతే దెబ్బ తగిలే చోటికి దూరం. ట్రిపుల్‌ఈ వాళ్లెవరికైనా ఉపాయం తడితే సాయంత్రం అయిదు తర్వాత వర్క్‌షాప్ వెనక గదికి రండి, అక్కడే ఉంటాం.