నల్లమట్టి కింద బూడిదరంగు

పోయిన ఆగస్టులో ఒక సాయంత్రం గోంగూర ఒలుచుకుంటూ ఉంటే ఫోన్ మోగింది. మా తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో కొత్తగా చేరిన అమ్మాయి.

"అక్కా, మీ వీధిలోనే, మీకు మూడిళ్ళ అవతల ఇల్లు చూశాం. ఎంత బాగుందో! వెనకాల ఒక్క ఇల్లు కూడా లేదు, అంతా గడ్డి, ఆ చివర వాగు. మట్టి నల్లగా నిగనిగలాడుతోంది, ఏం వేసినా పండేట్టుంది. శుక్రవారం ఆఫర్ పెడదామనుకుంటున్నాం. మీరక్కడే ఉంటారు కదా, ఏమైనా చెప్తారా?"

నా నోట వెంటనే మాట రాలేదు. ఆ ఇల్లు అమ్ముతున్నది నా స్నేహితురాలు. మా పాప పుట్టినప్పుడు పదిహేను రోజులు క్యారేజీ పంపిన మనిషి. వాళ్ళాయన ఉద్యోగం పోయింది, టెక్సాస్‌లో మరొకటి దొరికింది. రెండు చోట్లా ఖర్చు మోయలేక ఇల్లు తొందరగా అమ్ముకోవాలని చూస్తున్నారు. ఇటు అడుగుతున్న పిల్లేమో మొదటిసారి ఇల్లు కొంటోంది. ఆ గొంతులో సంబరం నాకు బాగా తెలుసు. తొమ్మిదేళ్ళ కిందట నేనూ సరిగ్గా అలాగే మురిసిపోయాను. అదీ ఆగస్టే.

మేముండేది షికాగోకి పడమట, ఫాక్స్ నదిలో కలిసే ఒక చిన్న వాగు పక్కన. ఇల్లు చూడ్డానికి వెళ్ళిన రోజున పెరడంతా పొడిగా, పచ్చగా ఉంది. "మీ వెనకాల ఎప్పటికీ ఎవరూ ఇల్లు కట్టరు" అంది మా రియల్టర్. అదొక అదృష్టం అనుకున్నాం గానీ, ఎందుకు కట్టరో అడగాలని తోచలేదు. నేను వంగి కాస్త మట్టి చేతిలోకి తీసుకున్నాను. కాటుకలా ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లో పెరిగినదాన్ని. నాకు తెలిసిన నల్లమట్టి అంటే తాతగారి ఊళ్ళో రేగడి ఒక్కటే. నల్లగా ఉంటే మంచి నేలే అనుకున్నాను.

మరుసటి వసంతంలో తెలిసొచ్చింది. అందరి పెరళ్ళలోనూ నేల తవ్వకానికి వచ్చినా మా పెరటి పల్లంలో చెప్పు దిగబడేది. వాన వెలిసిన మూడు రోజులకీ నీళ్ళు నిలిచే ఉండేవి. మే నెలాఖరుకి గోంగూర, వంగ, బీర అన్నీ పెట్టాను. వంగమొక్కలు జానెడు ఎదిగి ఆగిపోయాయి. ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. ఎరువు తక్కువైందేమోనని బస్తా మీద బస్తా తెచ్చి వేశాను. ఏం లాభం లేదు.

రెండో ఏడు ఏప్రిల్‌లో అసలు దెబ్బ తగిలింది. రాత్రంతా వాన. తెల్లవారుజామున కరెంటు పోయింది, దాంతో బేస్‌మెంట్‌లో సంప్ పంప్ ఆగిపోయింది. పునాది చుట్టూ ఊరే నీళ్ళన్నీ గొట్టాల గుండా ఒక గుంటలో చేరితే వాటిని బయటికి తోసేది ఆ పంపే. పొద్దున్న మెట్లు దిగి చూస్తే పిల్లల బొమ్మలు నీళ్ళ మీద తేలుతున్నాయి. అట్టపెట్టెల్లో పెట్టిన నా పెళ్ళి ఆల్బమ్, నాన్న నాకు రాసిన ఉత్తరాలు ముద్దయిపోయాయి. నాన్న అప్పటికి లేరు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ఫోన్ చేస్తే, మా పాలసీ కిందికి ఈ నీళ్ళు రావన్నారు. తివాచీ, గోడలు బాగుచేయించేసరికి ఆ ఏడాది ఇండియా ప్రయాణం మానుకోవాల్సి వచ్చింది. అందుకని అమ్మే వచ్చింది.

అమ్మ పుట్టింది కృష్ణా డెల్టాలో, గుడివాడ దాటాక పల్లపు చేల మధ్య. వచ్చిన మూడో రోజే పెరట్లో నిలబడి, "పార ఉందా?" అంది. గ్యాస్, కరెంటు తీగలు ఎక్కడున్నాయో గుర్తులు పెట్టించుకోకుండా ఇక్కడ పార దించకూడదని చెప్పి, 811కి ఫోన్ చేసి, వాళ్ళొచ్చి చూసి వెళ్ళాక మా ఆయన తవ్వాడు. అమ్మ గట్టున కుర్చీ వేసుకుని కూర్చుంది.

రెండడుగుల పైదాకా అంతా నలుపే. ఆ కింద మట్టి రంగు మారింది. తడి సిమెంటులా బూడిదరంగు, దానిలో అక్కడక్కడ తుప్పు చుక్కలు, వేళ్ళు పోయిన దారుల వెంట నారింజరంగు చారలు. గుంట గోడల్లోంచి నీళ్ళు ఊరడం మొదలైంది. అమ్మ కాస్త మట్టి వేళ్ళతో నలిపి, వాసన చూసి, నవ్వింది.

"ఇది వరిచేనే తల్లీ. వరి పీకితే వేళ్ళకి ఇలాగే తుప్పు పట్టి ఉంటుంది. మీరేమో వంగ పెట్టారు."

"రేగడి కాదా అమ్మా?"

"రేగడైతే ఎండాకాలం చెయ్యి పట్టేంత బీటలు వారదూ? ఇది వేరు. దీని కింద నీళ్ళు కూర్చుని ఉన్నాయి."

మర్నాడు పొద్దున్నకి ఆ గుంటలో నీళ్ళు పైకి అడుగు దూరం దాకా వచ్చాయి. ఆ రాత్రి వాన కూడా పడలేదు.

అప్పుడు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. ఇల్లినాయ్‌ని ప్రెయిరీ స్టేట్ అంటారు. తెల్లవాళ్ళు వచ్చి స్థిరపడేనాటికి ఈ రాష్ట్రంలో సగానికి పైగా, దాదాపు 2 కోట్ల 20 లక్షల ఎకరాలు, మనిషెత్తు గడ్డి. ఆ గడ్డి వేళ్ళు అడుగుల లోతుకి దిగేవి. ఏటా కొన్ని వేళ్ళు చచ్చేవి. చలికి, తడికి అవి పూర్తిగా కుళ్ళకుండా వేల ఏళ్ళపాటు పేరుకుని మట్టికి నలుపు ఇచ్చాయి. వాగు పక్కన అయితే ప్రతి వరదా ఎగువ పొలాల నుంచి మరి కాస్త నల్లని ఒండ్రు తెచ్చి పరుస్తుంది. అందుకే వాగు ఒడ్డున నల్లపొర అంత మందం. ఇలాంటి నేలల్లో ఒకదానికి ఇక్కడి మట్టి శాస్త్రవేత్తలు 'సామిల్' అని పేరు పెట్టారు. ఇల్లినాయ్ నదుల, వాగుల ఒడ్డున అది చాలాచోట్ల కనిపిస్తుంది. మన రేగడి నలుపు వేరు. దానిలో కుళ్ళిన ఆకూ వేరూ తక్కువే. రంగు ఒకటే గానీ చరిత్రలు వేరు.

ఇక ఆ బూడిదరంగు. మట్టికి ఎరుపు, గోధుమ రంగులు ఇచ్చేది ఇనుము. మట్టి రంధ్రాల్లో గాలి ఉన్నంతకాలం అది తుప్పులా అంటుకుని ఉంటుంది. వారాల తరబడి నీళ్ళు నిలిస్తే గాలి అయిపోతుంది. నీళ్ళలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు నెమ్మది. అప్పుడు మట్టిలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌కి బదులు ఇనుమునే వాడుకుంటాయి. ఇనుము కరిగి జారిపోతుంది, బోసి బూడిదరంగు మిగులుతుంది. నీళ్ళు దిగి, వేళ్ళ దారుల్లోంచి మళ్ళీ గాలి దూరితే అక్కడ తుప్పు చుక్క పడుతుంది. నేను వేసిన ఎరువుకీ ఇంచుమించు ఇదే గతి. గాలి లేని మట్టిలో నత్రజని వాయువైపోయి ఎగిరిపోతుంది. వరికి ఆకుల నుంచి వేళ్ళకి గాలి తీసుకెళ్ళే గొట్టాలున్నాయి కాబట్టి బతుకుతుంది. వంగకి లేవు.

నన్ను ఆపేసింది ఒక్క సంగతి. ఆగస్టుకి నీళ్ళు దిగిపోతాయి, కానీ ఆ రంగు పోదు. మేం ఇల్లు కొన్న రోజున కూడా నేను చేతిలోకి తీసుకున్న మట్టికి రెండడుగుల కింద జవాబు రాసే ఉంది. పార ఒక్కటి దించి ఉంటే సరిపోయేది.

ఈ నేలతో ఇక్కడి రైతులూ తక్కువ పోరాడలేదు. పాత నాగళ్ళకి ఈ జిగట మట్టి అంటుకుపోయి ఊడేది కాదు. 1837లో జాన్ డీర్ అనే కమ్మరి ఉక్కు నాగలి చేసింది ఈ రాష్ట్రంలోనే. ఆ తర్వాత నేల కింద మట్టిగొట్టాలు పాతి, మురుగు కాలువలు తవ్వి నీళ్ళు తోడేశారు. 1879లో దానికోసం చట్టాలు కూడా చేశారు. ఈ రోజు మొక్కజొన్న, సోయా అంత పండుతున్నాయంటే ఆ గొట్టాల పుణ్యమే. పొలాలు కాలనీలయ్యేటప్పుడు ఆ గొట్టాలు ఎక్కడైనా తెగితే నీళ్ళు తమ పాతచోటికే వచ్చి కూర్చుంటాయి. పెద్ద వానొస్తే చెప్పనక్కర్లేదు. 1996 జూలైలో మాకు దగ్గరి అరోరాలో 24 గంటల్లో దాదాపు 17 అంగుళాల వాన పడింది. రాష్ట్రంలో అదే రికార్డు.

పల్లాన్ని లారీల మట్టితో పూడ్చేద్దామని మా ఆయన అన్నాడు. పర్మిషన్ ఇవ్వలేదు. పెరటి చివరిభాగం వరద మ్యాపులో ఉంది, అక్కడ మట్టి పోస్తే అన్ని నీళ్ళకీ మరోచోట జాగా చూపించాలన్నారు. "నువ్వు మెరక చేసుకుంటే ఆ నీళ్ళు పక్కింటికే కదా పోయేది" అంది అమ్మ. డెల్టాలో గట్టు తగాదాలు చూసి పెరిగిన మనిషి.

అప్పట్నుంచి నేలతో తగువు మానేశాం. ఇంటి దగ్గర మెరకన చెక్కపెట్టెలు కట్టి వాటిలో గోంగూర, వంగ, మిరప వేశాం. పల్లంలో అమ్మ ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన చేమదుంపలు పాతింది. ఆగస్టుకి చేటంత ఆకులు వేశాయి. ఇంకా దిగువన ఈ నేలకి సొంతమైనవే పెట్టాం: నీలి ఐరిస్, స్వాంప్ మిల్క్‌వీడ్, ఒక స్వాంప్ వైట్ ఓక్. మిల్క్‌వీడ్ మన జిల్లేడు కుటుంబమే, తుంచితే అలాగే పాలు కారతాయి. మోనార్క్ సీతాకోకలు దాని మీద గుడ్లు పెడతాయి. పంపుకి బ్యాటరీ పెట్టించాం. ఇన్సూరెన్స్‌లో పంపు పొంగితే వచ్చే నష్టానికి విడిగా చేర్పించాం, వరదకి వేరే పాలసీ తీసుకున్నాం. అది మామూలుగా 30 రోజుల తర్వాతగానీ అమల్లోకి రాదు, బేస్‌మెంట్‌లో సామానుకి అంతగా వర్తించదు కూడా. కాబట్టి ఉత్తరాల్లాంటివి ఇప్పుడు పై అంతస్తులో ఉన్నాయి. మిగిలినవి.

ఇదంతా ఆ పిల్లకి ఫోన్లో ఎలా చెప్పను? నా స్నేహితురాలు అబద్ధం ఆడలేదు. ఇల్లినాయ్‌లో అమ్మేవాళ్ళు తమకు తెలిసిన నీటి సమస్యలు ఫారంలో రాసివ్వాలి. ఆవిడ బేస్‌మెంట్‌లోకి ఎప్పుడూ నీళ్ళు రాలేదు, పంపు మంచిది. వరద మ్యాపు గీత ఆమె కంచె దగ్గరే ఆగిపోయింది. కాయితాలన్నీ నిజమే. కానీ మట్టికి ఆ గీత తెలీదు.

"శుక్రవారం లోపల ఒకసారి మా ఇంటికి రా, టీ తాగుదువుగాని" అన్నాను.

వచ్చింది. ఆ ఇంటి గురించి ఒక్క మాట అనలేదు. చేమమొక్కల పక్కన ముందే తవ్వి ఉంచిన గుంట దగ్గరికి తీసుకెళ్ళాను. అడుగున చుక్క నీరు లేదు. బూడిదరంగు, తుప్పు చారలు మాత్రం ఉన్నాయి. అమ్మ చెప్పినదంతా చెప్పాను. ఊరి పేరు, వీధి కొడితే మట్టి రకం చూపించే వెబ్ సాయిల్ సర్వే ఉందని, అది ఉచితమని చెప్పాను. "ఏప్రిల్‌లో పంపు ఎన్నిసార్లు ఆడుతుందో అడుగు, కరెంటు పోతే ఏం చేస్తారో అడుగు" అన్నాను. ఆ పిల్ల చాలాసేపు గుంటలోకి చూస్తూ నిలబడింది.

వాళ్ళు ఆఫర్ పెట్టలేదు. అదే రోజు నేను చేసిన పని నా స్నేహితురాలికి నేనే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత, "చూపించింది నీ ఇంటి మట్టే. కానీ దానికి కనిపించింది మా ఇల్లే కదా" అంది. ఆమె ఇల్లు అక్టోబర్ దాకా అమ్ముడవలేదు, అదీ అనుకున్నదాని కంటే తక్కువకి. ఆ రెండు నెలల మార్ట్‌గేజ్ ఎలా కట్టారో నాకు తెలుసు. సంక్రాంతికి నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు. తప్పు చేశాననుకోను. కానీ క్యారేజీ తిన్న చెయ్యి ఇది, ఆ బరువూ దిగలేదు.

ఈ మే నెలలో ఆ ఇంట్లోకి వచ్చినవాళ్ళు పెరట్లో టమాటా మొక్కలు నాటుతూ కనిపించారు. పోలండ్ నుంచి వచ్చిన దంపతులు. సరిగ్గా పల్లంలోనే నాటుతున్నారు, పక్కన రెండు బస్తాల ఎరువు. కిటికీలోంచి కాసేపు చూశాను. తర్వాత కుండీలో పెంచిన మిరప నారు రెండు పట్టుకుని వెళ్ళి, పరిచయం చేసుకుని, మాటల్లో మాటగా అడిగాను.

"మీ దగ్గర పార ఉందా?"