రెండు పొట్టేళ్లు, ఒక పొట్టేలు

బారసాల మాట వచ్చినప్పుడల్లా ఫ్రెండ్స్ "మీలో ఏం చేస్తారు?" అని అడుగుతుంటారు. మాలో అఖీఖా చేస్తారు. బిడ్డ పుట్టిన 7వ రోజున, కుదరకపోతే 14వ రోజో 21వ రోజో మేకనో పొట్టేలునో జబహ్ చేస్తారు. పేరు పెడతారు, పుట్టెంటికలు తీస్తారు, వాటి ఎత్తు వెండి దానం చేస్తారు. మాంసం మామూలుగా మూడు వాటాలు: ఇంటికి, బంధువులకు, లేనివాళ్లకు. ఇది మొక్కు కాదు, బిడ్డనిచ్చినందుకు అల్లాకు చెప్పుకునే కృతజ్ఞత.

మాది ఆదోని. దూదేకులోళ్లం, ఇంట్లో తెలుగే. పోయినేడు ఎమ్మిగనూరులో మా అక్కకు రెండో ఆడబిడ్డ పుట్టింది. "మళ్లీ ఆడపిల్లే కదా, మగపిల్లోడు పుట్టినాక అన్నీ కలిపి చేద్దాంలే" అనింది వాళ్లత్త.

మగబిడ్డకు రెండు, ఆడబిడ్డకు ఒకటి అని వాడుక. నా అఖీఖాకు రెండు పొట్టేళ్లు కోసినారు. అక్కకు అసలు చేయనే లేదు. ఆ ఏడు వానల్లేక అమ్మానాన్న మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు సుగ్గికి పోయినారు. అక్క దాని గురించి ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు మాత్రం ఫోన్లో అడిగింది: "నాది చేయలేదు, సరే. దీనిదైనా చేయరా?"

నేను మసీదులో హజరత్‌ను అడిగినాను. ఆయన 8వ శతాబ్దపు ఇమాం మాలిక్ రాసిన 'మువత్తా' గురించి చెప్పినాడు. ప్రవక్త కూతురు ఫాతిమా తన కొడుకులు హసన్, హుసేన్‌ల వెంట్రుకలే కాదు, కూతుళ్లు జైనబ్, ఉమ్మె కుల్సూమ్‌ల వెంట్రుకలు కూడా తూచి వెండి దానం చేసిందని అందులో ఉందట. ఎవరికైనా ఒక్కటే చాలని మాలిక్ అభిప్రాయమట. "మన హనఫీల్లో ఇది తప్పనిసరి కాదు, అప్పు చేసి చేయొద్దు. కానీ కొడుక్కి చేసి కూతురికి మానుకోవడం ఏ పుస్తకంలో ఉంది?" అన్నాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్తే నాన్న ఏమీ మాట్లాడలేదు. 21వ రోజు పొద్దున్నే ఒక పొట్టేలును ఆటోలో ఎక్కించుకొని, ముప్పై కిలోమీటర్లు ఎమ్మిగనూరుకు తీసుకుపోయినాడు. వెంట్రుకలు గ్రాము కూడా తూగలేదు. నాన్న పది గ్రాముల వెండికయ్యే డబ్బు ఇచ్చినాడు. అక్కవాళ్లత్త తనే గిన్నెలు పట్టుకొని వీధంతా మాంసం పంచింది. కన్నవాళ్లు ఆ కూర తినకూడదని మా వైపు ఒక నమ్మకం. అదేమీ లేదని హజరత్ చెప్పినాడని అక్క అందరి ముందే తినింది.

పెద్దయినాక ఎవరి అఖీఖా వాళ్లే చేసుకోవచ్చని కొందరు పండితులు అంటారు. ప్లేస్‌మెంట్ వస్తే మొదటి జీతంలో పొట్టేలు కొనిస్తా, నీది నువ్వు చేసుకో అని అక్కతో అన్నాను.

"నాకెందుకు రా ఇప్పుడు" అనింది. కాసేపాగి, "కొంటే మాత్రం తెల్లది చూడు" అనింది.