రాయి పెట్టిన జాగా

మా వైపు స్థలం అనరు, జాగా అంటారు. ఉర్దూ, కన్నడం, తెలుగు ఒకే వీధిలో కలగలిసి పోయే ఆదోనిలో ఈ మాట ఎవరిదని అడిగే వాళ్ళుండరు. ఇల్లు కట్టుకునేది జాగా. బస్సు కిటికీలోంచి తువ్వాలు వేసి పట్టుకునేది జాగా. సంతలో గంప దించుకునేదీ జాగానే. మొదటిదానికి పట్టా ఉంటుంది. రెండోది ఊరు రాగానే అయిపోతుంది. మూడోదాని గురించే నేను కొన్నాళ్ళుగా ఆలోచిస్తున్నాను.

మా పెద్దమ్మ ఎమ్మిగనూరు సంతలో ముప్పై ఏళ్ళకు పైగా ఎండుమిరపకాయలు, చింతపండు అమ్మింది. వాళ్ళత్త కూర్చున్న చోటే ఈమే కూర్చుంది. అత్త మంచాన పడిన వారం గంప కోడలి నెత్తికెత్తి, "ఉప్పామెకూ బుడ్డలామెకూ నడుమ కూసో పో" అని పంపిందట. దస్తావేజు అంతే. పొలం మామ పేరు మీంచి పెదనాన్న పేరు మీదికి మారింది. ఇల్లూ అంతే. ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు మన రాష్ట్రంలో 1985 నుంచే ఉంది, కానీ ఆ ఇంటి ఆడపిల్లలు అడిగిందీ లేదు, వాళ్ళకు ఇచ్చిందీ లేదు. ఆడమనిషి చేతి నుంచి ఆడమనిషి చేతికి దిగిన ఆస్తి, నాకు తెలిసినంతలో, ఆ నాలుగడుగుల నేల ఒక్కటే.

దానికి కాగితం లేదు గానీ చట్టం ఉంది. రాలేని వారం పక్కనామె అక్కడ గోతం పరిచి పైన ఒక రాయి పెడుతుంది. "రాయి ఉంటే మనిషి ఉన్నట్లే పాపా" అనేది పెద్దమ్మ. కొత్తగా వచ్చినామె తెలియక ఆ రాయి జరిపితే వరసలో ఉన్న వాళ్ళంతా లేచేవాళ్ళు. అయితే ఆ రాయికీ గడువుంది. "రెండు వారాలు సూస్తాం, మూడు వారాలు సూస్తాం. ఊరికే పెట్టుకునేకి అయితాదా?" ఈ గడువు ఎవరికి తగులుతుందో మీరు ఊహించగలరు. ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెల నుంచి వానలు లేని ఏడు కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి. నెలల తర్వాత తిరిగొచ్చిన ఆడమనిషికి తన జాగాలో ఇంకొకరి గంప కనిపిస్తుంది. తీసుకున్నదీ ఆడమనిషే, పోగొట్టుకున్నదీ ఆడమనిషే. మనం సోదరీత్వం అని రాసుకునేటప్పుడు ఈ సంగతి కొంచెం అడ్డు తగులుతుంది. తగలనివ్వాలి.

వీటన్నిటి మీదా వేలం ఉంటుంది. సంతలో ఆశీలు వసూలు చేసుకునే హక్కును ఏటా వేలం వేస్తారు. పాడుకున్నవాడు ఏడాది పొడుగునా గంపకింత, బండికింత అని చీటీ చించి వసూలు చేసుకుంటాడు. అతను పాడింది వసూలు హక్కే గానీ నేల కాదు. కానీ రుసుం తీసుకునే చెయ్యి మెల్లగా జాగా చూపించే చెయ్యి కూడా అవుతుంది. ఒక ఏడు కొత్తగా పాడుకున్న మనిషి సున్నంతో గీతలు గీయించి, ముందు వరస ముందుగా డబ్బు కట్టిన వాళ్ళకని చెప్పాడట. ఆడవాళ్ళు ముందు రోజు రాత్రే వచ్చి గీతల పొడుగునా రాళ్ళు పెట్టుకుని అక్కడే పడుకున్నారు. తెల్లారి అరుపులు, తిట్లు, పెద్దమనుషులు. చివరికి వరస నిలిచింది, నాలుగు జాగాలు మాత్రం పోయాయి. పెద్దమ్మ ఈ కథ నవ్వుతూ చెప్పేది. ఆ నాలుగూ ఎవరివని నేను అడిగితే నవ్వు ఆపి చెప్పింది. వరస చివర కూర్చునే వాళ్ళవి. మాదిగవాడ నుంచి వచ్చే వాళ్ళవి. వాళ్ళు ఎప్పుడూ చివరే కూర్చునేవాళ్ళు.

ఈ విషయాలన్నీ నాకు మళ్ళీ తవ్వి చూడాలనిపించింది మా అన్న కూతురి వల్ల. బెంగుళూరులో ఇంజనీరింగ్ చదువుతూ రాత్రిళ్ళు ఆన్‌లైన్ ఆట ఆడుతుంది. ఒక సెలవు రోజు నీరసంగా కూర్చుని, "అత్తా, ఈ వారం మా గిల్డుకు జాగా పోయింది" అంది. ఆ మాట వాడకపోయి ఉంటే నేను పట్టించుకునే దాన్ని కాదేమో.

ఆట పేరు ది ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్. 2014లో వచ్చింది. ఆ లోకంలో అందరూ ఒకేచోట సరుకు పెట్టుకునే పెద్ద అంగడి లేదు. ఆటగాళ్ళు గిల్డులుగా, అంటే వర్తక సంఘాలుగా ఏర్పడాలి. 50 మంది ఉంటే సంఘానికి సొంత దుకాణం వస్తుంది. కానీ బయటివాళ్ళు వచ్చి కొనాలంటే ఊళ్ళో ఒక కొట్టు పట్టాలి. ఉన్న కొట్లకు వారం వారం వేలం. ఎవరెంత పాడారో ఎవరికీ కనిపించదు. బ్యాంకు, చేతిపనుల బల్లలు దగ్గరగా ఉండి పదిమందీ తిరిగే మోర్న్‌హోల్డ్ లాంటి ఊళ్ళలో కొట్టు కావాలంటే ఆట బంగారం కోట్లలో పోయాలి. ఆ బంగారం ఎక్కడిది? అమ్మకం మీద కోసుకునే 7 శాతంలో సగం సంఘానికి వస్తుంది. అది చాలదు కనుక సభ్యులు వారం చందా కట్టాలి, లేదా వారానికి ఇంత అని అమ్మి తీరాలి. పెద్ద సంఘాలు తమ కొట్టు పోతే ఆదుకోవడానికి ఉత్తుత్తి సంఘాలు పెట్టి వాటి పేరున వేరే కొట్లు పట్టేవి. మేనకోడలు ఇదేదో వింతలా చెప్పింది. బినామీ అనే మాట అందరికీ తెలిసిన దేశంలో నాకది వింతగా అనిపించలేదు. 2019లో ఒక సంఘం ఒకేసారి పది చోట్ల పాడుకునే వీలు కల్పించారు. దాంతో బినామీల అవసరం కొంత తగ్గిందట.

పరీక్షలప్పుడు మూడు వారాలు ఆడనందుకు తనను ఒక సంఘం తీసేసింది. మళ్ళీ మూడు వారాలే! ఇంకో సంగతి అడిగితే గానీ చెప్పలేదు. సంఘం సమావేశాల్లో అందరూ మైకులో మాట్లాడుకుంటారు, తను మాత్రం టైపు చేస్తుంది. "గొంతు వింటే ఇంక జాగా గురించి మాట్లాడరు అత్తా, నా గురించి మాట్లాడతారు." ఆ సంఘంలో ఆమె లెక్కలు చూస్తుంది. ఎవరెంత అమ్మారో, వచ్చే వారం ఎంతకు పాడాలో ఆమే వేసి పెడుతుంది. పాడేది వేరేవాళ్ళు.

ఆ ఆటలో ఒక సంఘానికి గరిష్ఠంగా 500 మంది సభ్యులు. ఆ అంకె వినగానే సాహిత్యం చదువుకున్న ఈ బుర్ర శాసనాల వైపు పోయింది. అయ్యావళి ఐనూర్వురు, ఐదు వందల స్వాములు. మలప్రభ ఒడ్డున ఉన్న ఐహొళె పేరుతో వెలిసి, దక్కన్ అంతటా, తమిళ దేశంలో, 1088 నాటి శాసనం చెబుతున్నట్టు సుమత్రా దీవిలోని బారుస్ రేవు దాకా వ్యాపించిన వర్తక సమయం. వాళ్ళు సరుకుకింత అని తమ మీద తామే సుంకం వేసుకుని గుళ్ళకూ చెరువులకూ ఇచ్చేవాళ్ళు. తమను భగవతీదేవి బిడ్డలమని చెప్పుకున్నారు. తల్లి స్థానంలో దేవత ఉంది, సభ్యుల స్థానంలో మగవాళ్ళున్నారు. ఆ సంతల్లో ఆకుకూరా, మజ్జిగా, పూలూ ఎవరు అమ్మి ఉంటారు? నా పరిశోధన రాయలసీమ కథ మీద. మార్కెట్ కథ అనగానే మనకు రైతూ దళారీ కనిపిస్తారు. గంప దగ్గర కూర్చున్న ఆడది చాలాసార్లు సంతకు రంగు మాత్రమే.

ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు పోయినా అంతే. రైతు, కమీషన్ ఏజెంటు, కొనుగోలుదారు, హమాలీ, అందరికీ పేరుంది, లైసెన్సో సంఘమో ఉంది. బుడ్డల రాశుల దగ్గర చాటలతో చెరిగి, రాలినవి ఊడ్చుకునే ఆడవాళ్ళకు మాత్రం ఆ వరసలో పేరు లేదు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. 1938లో మాచాని సోమప్ప అక్కడ చేనేత సహకార సంఘం స్థాపించారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. షావుకారు చేతిలోంచి నేతగాణ్ణి తప్పించిన గొప్ప ప్రయత్నమది, తక్కువ చేయను. కానీ సంఘం అనే మాట వినగానే సభ్యులెవరని అడగడం నాకు అలవాటైపోయింది. 2019-20 చేనేత గణనలో దేశంలోని చేనేత పనివాళ్ళలో 70 శాతానికి పైగా ఆడవాళ్ళేనని తేలింది. కండెలు చుట్టే చేతుల్ని లెక్కపెడితే వచ్చిన అంకె అది. సభ్యత్వ పుస్తకాలు లెక్కపెడితే ఎంత వస్తుందో!

అహ్మదాబాద్ మాణెక్ చౌక్‌లో కూరలమ్మే ఆడవాళ్ళ కోసం సేవా సంఘం 1980లలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. వీధుల్లో అమ్ముకోవడం రాజ్యాంగం ఇచ్చిన వృత్తి స్వేచ్ఛ కిందికే వస్తుందని, అయితే ఫలానా చోటే కావాలనే హక్కు లేదని 1989లో సోదాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్టణ కమిటీల్లో కనీసం 40 శాతం వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. చదివితే ఆనందం వేస్తుంది. అయితే కమిటీలో కూర్చోవాలంటే ముందు సర్వేలో కనిపించాలి. సర్వేకు వచ్చిన రోజు గంపతో అక్కడే ఉండాలి. రాయిని లెక్కలోకి తీసుకునే సర్వే ఉందా?

2020 మార్చిలో లాక్‌డౌన్‌తో సంతలు ఆగిపోయాయి. అందరి గడువూ ఒకేసారి దాటిపోయింది. మళ్ళీ తెరిచాక ఎవరి జాగా ఎవరిదో తేల్చడానికి పెద్దమ్మ లేదు. ఆ జాగాలో ఇప్పుడు వదిన, అంటే ఆమె కోడలు కూర్చుంటోంది. వీధి వ్యాపారులకు అప్పట్లో పది వేల అప్పు ఇచ్చిన స్వనిధి పథకం ఆ ఏడే మొదలైంది. వదిన దరఖాస్తు నేనే నింపాను. పేరు, భర్త పేరు, ఆధార్ అన్నీ అయ్యాక వ్యాపారం చేసే స్థలం అనే గడి వచ్చింది. సంత అని రాయబోతే ఒప్పుకోలేదు.

"సంత పెద్దది పాపా. ఉప్పామె కోడలికీ బుడ్డలామె బిడ్డకీ నడుమ అని రాయి."

"బుడ్డలామె బిడ్డ గుంటూరు పోయింది కదా వదినా?"

"వస్తాది. రాయి పెట్టినా."

గడి చాలలేదు. అంచు వెంబడి చిన్న అక్షరాలతో ఇద్దరి పేర్లూ రాశాను.