పాసుబుక్కు నాది

22 మార్చి 2020, ఆదివారం
కరోనా అని రేపు పొద్దున ఆరింటి దాకా గడప దాటొద్దట. కాచిగూడ స్టేషన్ నుంచి కూత లేదు, అనౌన్స్‌మెంటు లేదు. సాయంత్రం అయిదింటికి పళ్ళేల మోత. తర్వాత టీవీలో ముఖ్యమంత్రి కేసీఆర్. తెల్లకార్డుకు 1500, మనిషికి 12 కిలోల బియ్యం. నాకు కార్డు లేదు. అక్కరా లేదు.

26 మార్చి, గురువారం
నిన్న ఉగాది. మామిడికాయ లేని పచ్చడి.
రైతుకు ఏప్రిల్‌లో రెండువేలు అన్నారు నిర్మలా సీతారామన్. ఏటా ఇచ్చే ఆరువేలలోదే కదా అది! వాయిదా ముందుకు జరిపి, ప్యాకేజీ లెక్కలో కలిపారు.
నాకెట్లాగూ రాదు, పింఛను పదివేలు దాటింది. నా పొలం కౌలుకు దున్నేవాడికీ రాదు, పట్టా లేదు. మరి జడ్చర్లలోని ఆ మూడెకరాల మీద ఎవరికి వచ్చినట్టు?

19 ఏప్రిల్, ఆదివారం
చిన్నోడి ఫోన్. అమెరికాలో కరోనా నష్టానికి రైతులకు నేరుగా 1600 కోట్ల డాలర్లు ఇస్తారట. అక్కడ కౌలుకు చేసేటోళ్ళకు కూడానా అని అడిగాను. "నాకేం తెల్సమ్మా." కంప్యూటర్ మనిషి. ఆ తర్వాతంతా మాస్కు పాఠమే.

2 మే, శనివారం
జడ్చర్ల నుంచి కౌలు రైతు ఫోన్. వడ్లు కల్లంలోనే ఉన్నాయట. గన్నీ సంచుల్లేవు. కలకత్తా మిల్లులు బంద్. కాంటా ఎప్పుడవుతుందో...
"మొగులైతుందమ్మా. టార్పాలిన్ కిరాయికి తెచ్చిన."
ఏ గ్రేడుకు క్వింటాలు 1835. అందులో తాలు పేరుతో ఎంత కోస్తారో.
పాసుబుక్కు జిరాక్సు కావాలన్నాడు. మహబూబ్‌నగర్ ప్యాసింజరు నడుస్తుంటే తనే వచ్చి, వేరుశెనగల సంచి గుమ్మంలో పెట్టి తీసుకుపోయేవాడు. ఫోటో తీసి వాట్సాప్ చేశాను. వడ్ల పైసలూ నా ఖాతాలోనే పడతాయి. పండించింది ఆయన. కాగితంలో రైతును నేను.

20 మే, బుధవారం
వానకాలం మక్క వేయొద్దట. సర్కారు చెప్పిన పంట వేస్తేనే రైతుబంధు.
"మీకు పైసలు పడాల్నంటే నేనేం ఎయ్యాల్నో చెప్పున్రి."
ఎగతాళా, నిజంగానే అడిగాడా? రెంటికీ నా దగ్గర జవాబు లేదు.

23 జూన్, మంగళవారం
రైతుబంధు మెసేజ్ వచ్చింది. ఎకరాకు అయిదువేల చొప్పున 15,000. దీని పేరు పెట్టుబడి సాయం. నా పెట్టుబడి ఏముంది? బడిచౌడి మార్కెట్ నుంచి కూరగాయలు కూడా పక్కింటివాళ్ళే తెచ్చిపెడుతున్నారు. విత్తనం ఆయన కొన్నాడు. యూరియా కొనాలి. అప్పు ఎక్కడ తెచ్చాడో అడగలేదు.
పెద్దోడికి చెప్పాను. "ఇస్తే ఇవ్వు గానీ, కాగితం మీద ఏం రాయకు. రేపు భూమి నాదంటడు."
ఇరవై ఏళ్ళుగా అనలేదు కదరా.

28 జూన్, ఆదివారం
ఆయన కొడుకు నంబరుకు ఫోన్‌పే చేశాను. మొత్తం పదిహేనువేలు.
"కౌలుల కట్ చేసుకుంటరా అమ్మా?"
అంత అనుమానం. చెయ్యనన్నాను. అయినా రెండుసార్లు చెప్పించుకున్నాడు.
కౌలు రైతులకు కార్డులివ్వాలని 2011లోనే చట్టం వచ్చింది. ఆ కార్డుకు ఎప్పుడన్నా పెట్టుకున్నావా అన్నాను.
"అదేంది?"
కౌలుదారుకు రైతుబంధు ఉండదని ముఖ్యమంత్రి ఎప్పుడో తేల్చేశారు. యాసంగి పైసలూ నా పేరు మీదే వస్తాయి.