రైలు కట్టకు అవతల ఖాళీ జాగా

నేను చదువుకున్నది కన్నడ మీడియంలో. తెలుగు మాటలు ఇంట్లోనే వచ్చేశాయి కానీ అక్షరాలు మాత్రం ముప్పై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దవాళ్లు దిద్దండి.

బెంగళూరులో నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. పగలంతా వేరేవాళ్లు చేసిన పనిలో తప్పులు వెతకడం. రాత్రిపూట కంప్యూటర్లో రైలు దారి కడుతుంటాను. ట్రెయిన్జ్ అని, ఆస్ట్రేలియా వాళ్లు 2001లో తెచ్చిన ఆట. పట్టాలు, స్టేషన్లు, కొండలు, చెట్లు అన్నీ మనమే పెట్టుకుని, ఆ దారిలో బండి నడుపుకోవచ్చు. నేను కడుతున్నది తిరువళ్లూరు నుంచి అరక్కోణం మీదుగా తిరుత్తణి దాకా. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో బెంగళూరు బండిలో వచ్చి అరక్కోణంలో దిగి, లోకల్ పట్టుకుని తిరువళ్లూరు చేరి, అక్కడ బస్సెక్కి పాండూరు పోయేవాళ్లం. దక్షిణాదిలో మొట్టమొదటి ప్రయాణికుల రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు నడిచింది ఈ తిరువళ్లూరు, అరక్కోణం మీదుగానే.

పట్టాలు వేయడం కష్టం కాలేదు. ఏగట్టూరు, కడంబత్తూరు, సెంజి పానంబాక్కం, మనవూరు, తిరువాలంగాడు, మోసూరు, పులియమంగళం, అరక్కోణం అని స్టేషన్లు వరసగా వస్తాయి. కష్టమంతా వాటి మధ్య ఉన్న నేలతోనే.

ఈ ఆటలో నేల పలకలు పలకలుగా వస్తుంది. ఒక్కో పలక 720 మీటర్లు పొడవు, 720 మీటర్లు వెడల్పు. ఎకరాల్లో చెప్తే సుమారు 128. తిరువళ్లూరు నుంచి అరక్కోణానికి 27 కిలోమీటర్లు, అంటే ఒక్క వరసకే 38 పలకలు. కొత్త పలక గళ్ల కాగితంలాగా ఉంటుంది. దాన్ని నింపడానికి అందరూ పాటించే పద్ధతి ఒకటుంది. బండి కిటికీలోంచి కనిపించేదే కట్టాలి. కట్ట పక్కన రెండు మూడు వందల మీటర్లు వివరంగా చేసి, ఆ తర్వాత అడ్డంగా ఒక చెట్ల వరస పెడితే వెనక ఉన్న ఖాళీ కనబడదు. ఒక చోట బాగా చేసుకుని దాన్నే కాపీ చేసి, తిప్పి తిప్పి అతికించుకోవచ్చు. చెట్లు ఎక్కువైతే కంప్యూటర్ మొరాయిస్తుంది కాబట్టి దూరంగా ఉన్నవాటికి బొమ్మ చెట్లు చాలు.

నేనూ అట్లాగే చేశాను. మనవూరు, తిరువాలంగాడు మధ్య రెండు రాత్రుల్లో నిండిపోయింది. మా అవ్వ ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది, వయసు 82. ఆమెను పక్కన కూచోబెట్టుకుని బండి నడిపి చూపించాను.

"ఇదేందిరా ఈ చెట్లు? ఊటీనా?" అనింది.

"ఖాళీగా ఉంటే బాగలేదని పెట్టినా అవ్వా."

"ఖాళీ అని ఎవురు చెప్పినారు నీకు?"

మరుసటి రోజు నుంచి ఆమె చెప్పే ప్రతి తప్పునూ ఆఫీసులో రాసినట్టే నంబరు వేసి రాసుకున్నాను. కయ్యలన్నీ ఒకే కొలతలో ఉన్నాయి, తప్పు. గెనుములు నీళ్లు పారే వాటాన్ని బట్టి వంకర తిరుగుతాయి. వరి చెరువు కిందే ఉంటుంది, మెరక చేలో చెనక్కాయ. తాటిచెట్లు అడవిలాగా గుంపుగా ఉండవు, గెనుము మీదా చెరువు కట్ట మీదా వరసగా ఉంటాయి. కపిలి బాయి పెట్టి ఎద్దులు నడిచే వాలు మరిచిపోయాను. ఆ వాలు కూడా ఇంచుమించు బాయి లోతంత పొడుగు ఉండాలంట. లేకపోతే ఎద్దులు మోకు ఎట్ల లాగుతాయి? ఈ వేలికాత్తాన్ ముళ్లకంపలు ఆమె కాపురానికి వచ్చినప్పుడు లేనే లేవంట.

అన్నిటికన్నా పెద్ద తప్పు చెరువుది. నేల ఎత్తులు నేను 2000 ఫిబ్రవరిలో ఎండెవర్ వ్యోమనౌక రాడార్‌తో కొలిచిన లెక్కల నుంచి తీసుకున్నాను. అందులో ముప్పై మీటర్లకొక కొలత. సన్నటి చెరువు కట్ట ఆ కొలతల మధ్య కలిసిపోయింది. నీళ్లు పెడితే కయ్యల మీదికంతా వచ్చేశాయి. అవ్వ చూసి, "కట్ట లేకుండా చెరువేందిరా" అనింది. కట్ట చేత్తో పోశాను.

నేను మూడు వందల చెట్లు నాటిన ఒక జాగాను మాత్రం ఆమె మొత్తం తీసేయమనింది. అది మందబయలు. పొద్దున్నే ఊరి పశువులన్నీ అక్కడికి చేరేవంట. రెవెన్యూ లెక్కల్లో అట్లాంటిది పోరంబోకు. మా నాయన కోపం వస్తే నన్ను తిట్టే మాట కూడా అదే. నేను పనికిరాని నేల అనుకుంటూ ఉన్నాను. మేత పోరంబోకు, చెరువు పోరంబోకు, దారి పోరంబోకు, శ్మశాన పోరంబోకు అని ఉంటాయని ఇప్పుడే తెలిసింది. ఒక మనిషి పేరున పట్టా లేదు, శిస్తు లేదు, అందరికీ కావలసింది మాత్రం అక్కడే ఉంది. చెట్లు తీసేసి ఒట్టి నేల పెట్టాను. ఇప్పుడది ఖాళీగా కనబడడం తప్పు కాదు.

అవ్వ పుట్టిల్లు తిరుత్తణి పక్కన. పెళ్లయినప్పుడు అది ఆంధ్రాలో చిత్తూరు జిల్లా. పాండూరు మద్రాసు రాష్ట్రం. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి కూడా మద్రాసులో కలిసింది. "నీ ఊరు రాష్ట్రం మారినప్పుడు ఏమనిపించింది?" అని అడిగితే, "ఆ ఏడు చెనక్కాయ బాగా కాసింది" అనింది.

ఇంతా చూసి చివర్లో, "మన ఊరేదిరా?" అని అడిగింది. తిరువళ్లూరు దాటినాక కట్ట కడంబత్తూరు వైపు పోతుంది, రోడ్డు పాండూరు మీదుగా తిరుత్తణి వైపు విడిపోతుంది. పాండూరు కిటికీలోంచి కనబడదు, కాబట్టి పద్ధతి ప్రకారం కట్టనక్కర్లేదు. అదే చెప్పాను.

"నాకు బండి దిగకముందే కనబడతా ఉండె" అనింది.

అప్పుడు పట్టాలు లేని పలకలు కలుపుకుంటూ పాండూరు దాకా పోయాను. ఇల్లు, చింతచెట్టు, వీధి వచ్చాయి. మా బాయి దగ్గర ఆగిపోయాను. మార్చిలో అడిగితే చింతచెట్టుకు తూర్పున అనింది. జూన్‌లో పడమర అనింది. మళ్లీ అడిగితే కాసేపు చూసి, "తెలీలేదు నాయనా" అనింది. మా నాయన తొమ్మిదేళ్లకే ఊరు వదిలి హాస్టలుకు పోయినాడు, ఆయనకూ గుర్తు లేదు. పొలం అమ్మేశాక మనవాళ్లెవరూ అటు పోలేదు.

ఆఫీసులో అయితే రెండుసార్లు రెండు రకాలుగా వచ్చిన తప్పును పక్కన పెట్టేస్తారు. నేను దాన్ని మూసేయలేదు. చింతచెట్టుకు రెండు పక్కలా గళ్ల కాగితం అట్లాగే వదిలేశాను. అరక్కోణం మేనత్తకు, వేలూరు చిన్నాయనకు గుర్తుందేమో. దయచేసి ఈ నెలలోనే ఫోన్ చేయండి. అవ్వ వినేటట్టు స్పీకర్లో పెడతాను.