పట్టాలు లేని బండి

మా మామగారు భిలాయ్ స్టీల్ ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యారు. 1600 డిగ్రీల కరిగిన ఉక్కు నిండిన ల్యాడిల్‌ని షాపులో ఈ కొస నుంచి ఆ కొసకి చుక్క తొణక్కుండా మోసిన మనిషి. కారు స్టీరింగు మాత్రం ఏనాడూ పట్టుకోలేదు. ఎందుకంటే, "క్రేనుకి పట్టాలుంటాయమ్మా. కింద సిగ్నల్‌మాన్ చెయ్యూపితేనే కదుల్తాది. రోడ్డు మీద మనకి చెయ్యూపినోడెవడున్నాడు?" అంటారు. ఉద్యోగమంతా ఇక్కడే గడిచినా శ్రీకాకుళం యాస ఆయన్ని వదల్లేదు.

కారు భయం గురించి ఇంత సూటిగా చెప్పినవాళ్లు నాకింకెవరూ తగల్లేదు. భయం ఇంజనుదీ కాదు, వేగానిదీ కాదు. అవతలివాడు ఏం చేస్తాడో తెలియకపోవడానిది. గల్లీలోంచి ఊడిపడే స్కూటీ, నడిరోడ్డు మీద నెమరేసే ఆవు, వెనక హారన్ మీంచి చెయ్యి తియ్యని ఆటో. నా మటుకు ఆ ఆటోయే అసలు శత్రువు. ఎవరినైనా గుద్దేస్తానేమోనన్న బెంగ కన్నా, చౌరస్తాలో బండి ఆగిపోతే వెనకవాళ్లు ఏమనుకుంటారోనన్న సిగ్గు ఎక్కువ. అరచేతుల్లో చెమట, గుండె దడ, కాళ్లలో వణుకు. వణికే కాలితో క్లచ్ వదిలితే బండి ఆగిపోక ఏం చేస్తుంది? మర్నాడు తాళాలు ముట్టబుద్ధి కాదు. ముట్టకపోతే ప్రాణానికి ఎంత హాయో! ఆ హాయి తినే భయం బలుస్తుంది.

లైసెన్సు దీనికి మందు కాదు. లెర్నర్స్ వచ్చాక 30 రోజులాగి టెస్టుకి వెళ్లాలి, ఆ కాగితం 6 నెలలు చెల్లుతుంది, అక్కడితో చట్టం పని సరి. బీరువాలో లైసెన్సు, ఇంటిముందు కవరు కప్పిన కారు ఉన్న ఆడవాళ్లు మా సెక్టార్లో బోలెడుమంది. మగవాళ్లూ ఉన్నారు గాని ఒప్పుకోరు.

1924లో మేరీ కవర్ జోన్స్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త, కుందేలంటే హడలిపోయే పీటర్ అనే పసివాడి సంగతి ప్రచురించింది. వాడు ఇష్టమైనది తింటున్నప్పుడు పంజరంలో కుందేల్ని దూరంగా పెట్టి, కొంచెం కొంచెంగా దగ్గరికి జరుపుతూ వచ్చింది. చివరికి వాడు దాన్ని నిమిరాడు. 1958లో జోసెఫ్ వోల్పే ఇలాంటి పనికే ఒక పద్ధతి ఏర్పరిచాడు. భయాలను మెట్లుగా పేర్చుకోవాలి, కింది మెట్టు మీద ఒళ్లు తేలికపడ్డాకే పై మెట్టెక్కాలి.

అలాంటి మెట్లకి భిలాయ్‌ని మించిన ఊరుండదు. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం వల్ల పుట్టిన ఊరిది. దానంతటది పెరిగింది కాదు, కాగితం మీద గీసి కట్టింది. క్వార్టర్ల మధ్య చెట్ల నీడన సాగే సెక్టార్ లోపలి వీధులు మొదటి మెట్టు. తర్వాత సెంట్రల్ ఎవెన్యూ. గడియారం కూడా మన పక్షమే. షిఫ్టులు మారేది పొద్దున 6కి, మధ్యాహ్నం 2కి, రాత్రి 10కి. ఆ వేళల్లో ముర్గా చౌక్ వైపు బళ్లు ఏరులా పారతాయి. అదే పొద్దున 11 గంటలకి పోతే రోడ్డంతా మనదే. అవతలివాడు ఏం చేస్తాడో తెలియకపోయినా, ఎప్పుడొస్తాడో తెలుస్తుంది. సగం ధైర్యం దాంతోనే వచ్చింది.

మిగతా సగం నాకు డ్రైవింగు నేర్పిన ఛత్తీస్‌గఢీ కుర్రాడిది. మేరీ జోన్స్ ఎవరో అతనికి తెలీదు. "దీదీ, పహలే సాఁస్ ఛోడో, ఫిర్ క్లచ్" అనేవాడు. ఊపిరి బాగా పీల్చమనేవాళ్లే అంతా, ముందు వదలమన్నవాడు ఇతనొక్కడే. నిదానంగా ఊపిరి వదిలితే గుండె వేగం తగ్గుతుంది, దాంతో కాలూ మెత్తబడుతుంది. హాఫ్ క్లచ్ దగ్గర బండి సన్నగా వణికి ముందుకి మొగ్గుతుందే, ఆ క్షణం బిగుసుకున్న పాదానికి అందదు. బానెట్ వైపు చూడొద్దనీ చెప్పేవాడు. చూపు దూరంగా పెడితే స్టీరింగు దానంతటదే కుదురుకుంటుంది.

ఇప్పుడు సెక్టార్ 5 బాలాజీ గుడికీ, మామగారి చెకప్‌కి సెక్టార్ 9 ఆస్పత్రికీ నేనే తీసుకెళ్తున్నాను. ఆయన ముందు సీట్లో కూర్చుని ప్రతి మలుపులోనూ చెయ్యెత్తి ఆపుతారు, ఊపి పొమ్మంటారు. ఒక్కోసారి తప్పు వైపు ఊపుతారు.

జి.ఇ. రోడ్డు ఇంకా ఎక్కలేదు. లారీల మధ్య రాయపూర్ దాకా పోవడం నా లెక్కలో అన్నిటికన్నా పై మెట్టు. దానికి ముందు సాయంత్రం రద్దీలో సివిక్ సెంటర్ ఉంది, వానలో రాత్రి ప్రయాణం ఉంది. అందాకా రాయపూర్‌కి పవర్ హౌస్ స్టేషన్ నుంచి లోకల్ రైలే. స్టేషన్ దాకా కారు నేనే నడుపుకెళ్తాను. స్టాండులో రివర్స్ పెట్టడానికి మాత్రం అక్కడి కుర్రాణ్ణి పిలుస్తాను.